తుపాను చక్రమును చూచినవారెవరు?

విశాఖపట్టణమున ఫిషింగ్ హార్బరునకు వేసవిదినములలో సాయంకాలపువేళ పోవుట నాకు చిరకాలపు అలవాటు. ఏప్రిలు 15వ తేది మొదలు జూను 14వ తేది వఱకు తూర్పుతీరమున మరపడవలు వేటకు పోరాదను నిషేధము కలదు. ఆ అఱువదియొక్క దినములును పడవలన్నియు ఒకదాని నొకటి ఒరసికొని రేవున నిలిచియుండును. పనిలేని కాలము మాటలకు మంచికాలము. వలలు బాగుచేసికొనుచు, పడవలకు రంగులు వేసికొనుచు అచ్చటివారు చెప్పుకొను సంగతులు వినుటకే నేను పోవుచుందును. పండితులసభలలో వినబడని ప్రశ్నలు కొన్ని అచ్చట వినబడును. ఈ ప్రసంగమునకు మూలమైన ప్రశ్నయు అచ్చట పుట్టినదే.

ఒకనాడు ఒక వృద్ధుడు, పడవ యజమాని, తన వియ్యంకునితో కొన్ని సంవత్సరములుగా సాగుచున్న తగవును నాముందు పెట్టెను. తగవు సొమ్మును గూర్చినది కాదు, గాలిని గూర్చినది. 2014వ సంవత్సరము అక్టోబరు 12వ తేదిని హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణముమీద తీరము దాటినది గదా. ఆనాటి గాలి యెటునుండి వచ్చెనన్నదే వివాదము.

“అబద్దం ఎందుకు సెప్తాను మేష్టారూ? పొద్దుట్నుంచీ ఉత్తరపు గాలే. మద్దేన్నం ఆగిపోనాది. ఆకు కదల్లేదు. జనం బయటికొచ్చి సూసినారు. మళ్ళీ ఎనక్కి తిరిగి దచ్చినం నుంచి ఇరుసుకు పడిపోనాది. మా వియ్యంకుడిది పూడిమడక. ఆడు ఆగడమేటి బావా, ఒక్క నిమిషం ఆగలేదంటాడు. పడమటి గాలంటాడు. పాకలమీది తాటాకులన్నీ సముద్రంవేపు ఎగిరిపోనాయంటాడు. ఇద్దరిలో ఒకడు అబద్దం ఆడాల గదండీ?”

ప్రక్కనే కూర్చుండి చరవాణి చూచుకొనుచున్న అతని మనుమడు, కళాశాలలో చదువుకొనుచున్నవాడు, తలయెత్తకయే, “తాతా, ఎవరి నిజం వాళ్ళది. అందరికీ ఒకటే నిజమనేది లేదని మా లెక్చరర్ గారు చెప్పారు” అనెను. వృద్ధుడు కొంత సేపు ఊరకుండి నా వంక చూచి, “అలాగైతే మేష్టారూ, తుపానొస్తంది, ఎల్లొద్దని వాతావరణమోళ్ళు సెప్తే, అది ఆళ్ళ నిజమేనా? నా నిజం ఏరే ఉందని నేను ఎల్లిపోవచ్చునా?” అని యడిగెను.

ముప్పదియేండ్లకు పైగా బడిలో పాఠములు చెప్పినవాడనయ్యు, ఆ ప్రశ్నకు వెంటనే బదులు చెప్పజాలనైతిని. ఇంటికి వచ్చి ఆలోచించితిని, చదివితిని. పెద్దలకు మనవి చేయునది ఆ చదివినదాని ఫలమే.

మన శాస్త్రములలో దీనికి చక్కని మాటలు గలవు. శంకరభగవత్పాదులు కర్మ పురుషతంత్రమనియు, జ్ఞానము వస్తుతంత్రమనియు వేఱుచేసి చెప్పిరి. వేటకు పోవుట, పోకుండుట, రేపు పోవుట మన యిచ్ఛ. కాని నీటిపై తేలుచున్నది కొయ్యయా, మొసలియా యన్నది మన యిచ్ఛపై నాధారపడియుండదు. అది వస్తువును బట్టి యుండును. ఈనాటివారు ‘ఆబ్జెక్టివ్’ జ్ఞానమని చెప్పునది ఈ వస్తుతంత్రజ్ఞానమునకు దగ్గఱగా నున్నది. చూచువానిని బట్టి మాఱక, చూడబడుదానిని బట్టి నిలుచు జ్ఞానమని అర్థము.

అట్టిది మనుష్యునకు సాధ్యమా యన్నదే సందేహము. చూచుట యెప్పుడును ఒకని కంటితోడనే. ఆ కన్ను ఒకచోట నుండును. ఒక చదువు చదివియుండును. ఏదో యొకటి కనబడునని ముందే యెదురుచూచుచుండును. అమెరికాలో థామస్ కూన్ అను పండితుడు 1962లో ప్రకటించిన గ్రంథమున, విజ్ఞానశాస్త్రజ్ఞులును తమ కాలపు చట్రములోనుండియే ప్రపంచమును చూతురనియు, చట్రము మాఱినప్పుడు వారు చూచునదియు మాఱుచున్నట్లుండుననియు చెప్పెను. ఆయన చెప్పినదానికంటె ఎక్కువగా చెప్పినవారు తరువాత అనేకులు బయలుదేఱిరి. మనుమనికి కళాశాలలో చేరిన మాట ఆ త్రోవను వచ్చినదే యని నా యూహ. దానిని పరిహసించి త్రోసిపుచ్చుట తగదు. వియ్యంకుల యిద్దఱి కన్నులును వేఱువేఱుగానే చూచినవి గదా.

ఇట్టి తావున అంధగజన్యాయమును చెప్పుట మనకు వాడుక. గ్రుడ్డివారు కొందఱు ఏనుగును తడవిరి. చెవి పట్టినవాడు చేటయనెను, కాలు పట్టినవాడు స్తంభమనెను. ఈ కథను చెప్పి, కావున సత్యము ఎవరికిని తెలియదని ముగించువారు పెక్కుమంది. చిన్ననాటినుండి నాకు ఈ ముగింపు రుచించదు. ఆ గ్రుడ్డివారు చేసిన తప్పు తడవుటలో లేదు. “నేను ఇచ్చట నిలిచియుంటిని, నా చేతికి ఇంత యెత్తున ఇది తగిలినది” అని ప్రతివాడును చెప్పి, ఆ మాటలన్నిటిని ఒకచోట చేర్చియుండినచో, ఏనుగు దొరకియుండెడిది. తుపాను విషయమున ఈ పని నిజముగా జరిగినది. అందులో మన తెలుగు రేవులకు పెద్ద పాలు గలదు. ఆ చరిత్రయే వినదగినది.

తుపాను చక్రమువంటిదని నేడు బడిపిల్లవాడును ఎఱుగును. టెలివిజనులో తెల్లని సుడి కనబడును. కాని 1960 ఏప్రిలులో టైరోసు అను అమెరికా ఉపగ్రహము ఆకాశమునుండి చిత్రములు పంపువఱకు ఆ చక్రమును పూర్తిగా చూచుట మనుష్యునకు దుర్లభముగా నుండెను. అది వందల మైళ్ళ వెడల్పు గలది. క్రిందనున్నవానికి కనబడునది తన నెత్తిమీది మబ్బు, తన మొగమునకు తగులు గాలి మాత్రమే. అయినను అంతకు నూఱేండ్లకు ముందే అది చక్రమని మనుష్యులకు తెలిసియుండెను.

1821 సెప్టెంబరులో అమెరికాలోని కనెక్టికట్ సీమను ఒక గాలివాన కొట్టెను. జీనులు కుట్టు వృత్తి నేర్చిన విలియం రెడ్‌ఫీల్డు అను నతడు తరువాత ఆ దారిని నడచి పోవుచు కూలిన చెట్లను చూచెను. ఒకచోట చెట్లతలలు వాయవ్యమునకు పడియున్నవి. కొంతదూరము పోయిన పిమ్మట సరిగా దానికి ఎదురుదిక్కునకు పడియున్నవి. గాలివాన ఒక్కటే, పడిన దిక్కులు రెండు. ఇందులో ఒకటి అబద్ధమని ఆయన యనలేదు. గాలి సుడిగా తిరిగినచో రెండును నిజములగునని యూహించి, 1831లో ప్రకటించెను. మన వియ్యంకుల తగవును ఆయన చెట్ల తగవుగా చూచెనని చెప్పవచ్చును.

ఈ యూహ మన సముద్రమునకు వచ్చిన విధము చూడుడు. హెన్రీ పిడింగ్‌టన్ అను నాంగ్లేయుడు ఒకప్పుడు వర్తకనౌకల నాయకుడు. పిమ్మట కలకత్తాలో స్థిరపడి, నౌకాప్రమాదములను విచారించు న్యాయస్థానమున అధికారి యయ్యెను. 1839 నవంబరులో గోదావరిముఖమున నున్న మన కోరంగి రేవును గొప్ప తుపాను ముంచివేసెను. పిడింగ్‌టన్ బంగాళాఖాతపు తుపానులపై వరుసగా వ్రాసిన వ్యాసములలో రెండవది ఈ కోరంగి తుపానును గూర్చినదే. ఆనాటి మృతులను గూర్చి పుస్తకములలో కనబడు పెద్ద పెద్ద లెక్కలను నేనిచ్చట చెప్పను. లెక్కించినవారెవరో తెలుపక ఒక పుస్తకమునుండి మఱొక పుస్తకమునకు ఎత్తివ్రాసిన అంకెను పట్టుకొని వస్తుతంత్రజ్ఞానమును గూర్చి మాటలాడుట నాకు సిగ్గుగా నుండును.

పిడింగ్‌టన్ చేసిన పని గుమాస్తా పనివలె కనబడును. ఓడలలో దినచర్య పుస్తకము, అనగా లాగుబుక్కు, వ్రాయుట నియమము. ఏ గంటకు ఓడ ఎచ్చట నున్నది, గాలి ఏ దిక్కుది, బారోమీటరు ఎంత దిగినది అని అందులో నుండును. తుపానులో చిక్కి బ్రతికివచ్చిన ఓడల పుస్తకములను ఆయన తెప్పించి, పటముమీద ఒక్కొక్క ఓడను దాని తావున నిలిపి, గాలిదిక్కును బాణముగా గీచెను. ఒక ఓడకు తూర్పుగాలి, ఒకదానికి పడమటిగాలి. విడివిడిగా చదివినచో నాయకులందఱు ఒకరినొకరు అబద్ధికులనుచున్నట్లుండును. పటముమీద చేర్చినచో, మన సముద్రమున గాలి గడియారపు ముల్లునకు ఎదురుగా తిరుగుచున్నది. నడిమికి ఉత్తరమున నున్నవానికి తూర్పుగాలి. దక్షిణమున నున్నవానికి పడమటిగాలి. పడమట నున్నవానికి ఉత్తరపుగాలి. తూర్పున నున్నవానికి దక్షిణపుగాలి. సరిగా నడుమ చిక్కినవానికి గాలియే లేదు. అది దాటిన పిమ్మట ఎదురుదిక్కు గాలి.

1848లో నావికులకొఱకు వ్రాసిన పుస్తకమున ఆయన దీనికి ‘సైక్లోను’ అని పేరు పెట్టెను. గ్రీకుభాషనుండి తీసిన ఈ పేరునకు పాము చుట్టవలె చుట్టుకొనియున్నదని భావము. కొమ్ముతో చేసిన, వెనుకవైపు కనబడు పలుచని బిళ్ళపై గుండ్రని గీతలు గీయించి, దానిని పటముమీద పెట్టి తుపాను నడుము ఎచ్చట నున్నదో కనుగొనుటకు నావికులకు సాధనముగా నిచ్చెను. కలకత్తాకు దక్షిణమున మాత్లా నదియొడ్డున క్రొత్త రేవు కట్టదలచినప్పుడు, సముద్రపుటుప్పెన దానిని ముంచునని 1853లో గవర్నరు జనరలునకు లేఖ వ్రాసెను. ఎవరును చెవిని పెట్టలేదు. క్యానింగు రేవు కట్టబడెను. 1867 నవంబరులో తుపాను దానిని పాడుచేసెను. పిడింగ్‌టన్ అంతకు తొమ్మిదేండ్ల ముందే గతించెను.

ఇంతవఱకే చెప్పి మానినచో కథ చక్కగా నుండును, కాని నిజము కాదు. పిడింగ్‌టన్ బిళ్ళలోనే ఒక తప్పు గలదు. గాలి సరిగా గుండ్రముగా తిరుగునని ఆయన పెట్టుకొన్న నియమము. దానినిబట్టి గాలికెదురుగా నిలిచినవానికి తుపాను నడుము సరిగా కుడిచేతివైపున నుండవలెను. అమెరికాలోనే ఎస్పీ యను మఱొక పండితుడు ఇట్టి ఓడల వ్రాతలనే చూచి, గాలి తిరుగుట లేదు, నలుదిక్కులనుండి నేరుగా నడిమికి పరుగెత్తుచున్నదని వాదించెను. వ్రాతలు ఒకేరకమైనవి, చూపులు రెండు. కూన్ చెప్పిన చట్రమునకు ఇంతకంటె మంచి యుదాహరణము నాకు తోచదు. గుండ్రని గీతల బిళ్ళ చేతబట్టినవానికి గుండ్రమే కనబడెను.

తీర్పు వచ్చుటకు ఏండ్లు పట్టినది. మారిషసు ద్వీపమున చార్లెసు మెల్‌డ్రం అను నతడు 1873లో, గాలి తిరుగుచు తిరుగుచునే లోపలికి వ్రాలుచున్నదని ఓడల వ్రాతలతోనే చూపి, పాత నియమమును నమ్మిన నాయకులు తప్పించుకొనబోయి తుపాను నడుములోనికే పోవు ప్రమాదమున్నదని హెచ్చరించెను. నడుము సరిగా కుడిచేతివైపున కాదు, కుడికి కొంచెము వెనుకగా నుండును. రెండు పక్షములును కొంత నిజము, కొంత పొరపాటు. (ఆ ద్వీపమున తెలుగువారిని నేటికిని కోరంగివారందురు, కోరంగి రేవున ఓడలెక్కి పోయినవారి సంతతి గావున.) మెల్‌డ్రం ఈ తప్పును పట్టుకొన్నది ఎట్లు? ఓడలు తమ తావును, కాలమును, గాలిని వ్రాసి యుంచినవి. బిళ్ళ తప్పైనను వ్రాత నిలిచినది. తప్పు దిద్దుటకు కావలసినది ఆ తప్పు చేసినవారి పుస్తకములలోనే యుండెను.

మన తీరమున 1864 నవంబరు 1వ తేది రాత్రి మచిలీపట్టణమును సముద్రము ముంచి, ఆ చుట్టుప్రక్కల సుమారు 30,000 మందిని పొట్టపెట్టుకొన్నది. అంతకు నెలకు లోపుననే కలకత్తాలోను పెద్ద తుపాను వచ్చియుండెను. ఈ దెబ్బల పిమ్మటనే రేవులకు ముందుగా హెచ్చరిక పంపు ఏర్పాటులు మొదలై, 1875లో భారతదేశమున వాతావరణశాఖ స్థాపింపబడెను. మఱుసటి సంవత్సరము అక్టోబరులో ఒక తుపాను విశాఖపట్టణమును, మఱొకటి నెలాఖరున మేఘనానదీముఖమున బాకర్‌గంజును కొట్టెను. రెండవదానిలోను, తరువాతి రోగములలోను చనిపోయినవారు సుమారు రెండు లక్షలు. ఈ రెండింటిని కలిపి జాన్ ఎలియట్ అను అధికారి నివేదిక వ్రాసెను. మన పట్టణపు పేరు వాతావరణశాస్త్రమున ఆ విధముగా శాశ్వతముగా నెక్కినది. ఎలియట్ 1890లో బంగాళాఖాతపు తుపానులపై నావికులకొక చేతిపుస్తకమును వ్రాసెను.

ఇచ్చట తార్కికు డొకడు అడ్డుపడవచ్చును: వ్రాతలను చేర్చితిరి సరే, వ్రాసినవాని కన్నే చెడ్డదైనచో? కామెల గలవానికి శంఖము పసుపుపచ్చగా కనబడునని మన శాస్త్రములు చెప్పుచున్నవి గదా. ఈ సంశయము ఆకాశమును చూచువారికి ముందుగా కలిగినది. ఇంగ్లండులో గ్రీనిచి వేధశాలయందు నక్షత్రము దూరదర్శినిలోని దారమును దాటు క్షణమును వ్రాయుచుండిరి. అధికారి మాస్కెలిన్ వ్రాతకంటె, సహాయకుడు కిన్నెబ్రూకు వ్రాత సుమారు 0.8 సెకను వెనుకబడుచుండెను. అతడు అశ్రద్ధుడని 1796లో ఉద్యోగమునుండి తొలగించిరి. పాపము, అతని తప్పు అశ్రద్ధ కాదు. తరువాత బెస్సెలు అను జర్మను జ్యోతిష్కుడు పరిశీలింపగా, గొప్ప పండితులలోనే ఇద్దఱిద్దఱికి ఒక సెకను వఱకు భేద ముండుట తేలినది. కన్నును చెవిని కలుపుటలో ప్రతిమనుష్యునకు తనదైన ఆలస్యము గలదు. దానికి ‘వ్యక్తిభేదము’ అని లెక్క కట్టి, తీసివేయుట నేర్చుకొనిరి. కామెల యున్నదని తెలిసినవాడు శంఖమును గూర్చి మోసపోడు. అట్లని, చూచువానిని పూర్తిగా తుడిచివేయుట ఎవరివల్లను కాలేదు. అతడెంత వంకరగా నున్నాడో కొలుచుట మాత్రము సాధ్యమైనది.

ఈ సంగతి విశాఖపట్టణమునకును వచ్చినది. ఇచ్చట డాబాగార్డెన్సులో గొడే వెంకట జగ్గారావుగారు, మద్రాసు వేధశాల యధికారి టెయిలరు వద్ద జ్యోతిశ్శాస్త్రము నేర్చుకొని వచ్చి, 1840 ప్రాంతమున తన యింటనే వేధశాల నెలకొల్పిరి. ఆయన పిమ్మట అల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు దానిని పెంచిరి. 1874 డిసెంబరు 9వ తేదిని శుక్రుడు సూర్యబింబముమీదుగా నల్లని చుక్కవలె దాటెను. నరసింగరావుగారు ఆరంగుళముల దూరదర్శినితో దానిని చూచి, లండనులోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ పత్రికకు వ్రాసిరి. భూమిమీద దూరదూరముగా నున్నవారు ఈ దాటుట మొదలైన క్షణమును, ముగిసిన క్షణమును వ్రాసి పంపినచో, సూర్యుడు ఎంత దూరమున నున్నాడో లెక్కింపవచ్చును.

కాని ఆ క్షణమే దొరకదు. శుక్రబింబము సూర్యుని అంచును విడుచునప్పుడు నల్లని బొట్టువలె సాగి అంటుకొనియుండును. 1769లో టహీటీ ద్వీపమున కెప్టెను కుక్, ఆయనతో నున్న జ్యోతిష్కుడు ఒక్కచోటనే నిలిచి చూచియు, కొన్ని సెకనుల భేదముతో వ్రాసిరి. ఆనాటి లెక్కలను చేర్చి 1824లో ఎన్కె యను జర్మను పండితుడు సాధించిన దూరము సుమారు 15 కోట్ల 30 లక్షల కిలోమీటర్లు. 1874నాటి పరిశీలనలును ఆశించినంత సూక్ష్మముగా రాలేదు. అంగారకునిబట్టి, వెలుగు వేగమునుబట్టి, చిన్నగ్రహములనుబట్టి, 1961లో శుక్రునివద్దకు పంపిన రాడారు తరంగములనుబట్టి వేఱువేఱు త్రోవల కొలిచిరి. అన్నియు ఒకదానికొకటి దగ్గఱపడుచు వచ్చినవి. నేటి లెక్క 14 కోట్ల 96 లక్షల కిలోమీటర్లకు కొంచెము తక్కువ. నరసింగరావుగారి చూపు ఆ లెక్కలో ఎంత చిన్న భాగమో నేను చెప్పనక్కఱలేదు. కాని మద్రాసులోని చింతామణి రఘునాథాచార్యులకును, ఇచ్చట చూచిన ఆయనకును సూర్యుడు ఒక్కడే. భాషలు, దేశములు, దూరదర్శినులు వేఱైనను త్రోవలు ఒకచోటికి చేరుచున్నచో, అచ్చట ఏదో యున్నదని ఒప్పుకొనక తప్పదు.

ఇంకొక యాక్షేపణ: “మీరందఱు కూడబలుకుకొన్న కొలతలే గదా ఇవి?” కొన్ని నిజముగా కూడబలుకుకొన్నవే. ప్రతి రైలుస్టేషను పలకమీద సముద్రమట్టమునకు ఇంత యెత్తని యుండును. ఏనాటి సముద్రము? హార్బరు గట్టున నిలిచిన వానికి నీరు దినమునకు రెండుమార్లు పొంగి తగ్గుట కనబడుచునే యున్నది. కరాచీ, బొంబాయి, కార్వారు, బేపూరు, కొచ్చి, నాగపట్టణము, మద్రాసు, విశాఖపట్టణము, ఫాల్సుపాయింటు అను తొమ్మిది రేవులలో నీటియెత్తును కొలిచి, వాని సగటును సున్నగా నుంచి, 1909లో ఈ దేశపు ఎత్తులను స్థిరపఱచిరి. ఆ తొమ్మిదింటిలో మనదొకటి. తూర్పుతీరపు మట్టము పడమటి తీరపు మట్టముతో సరిగా సమము కాదని తరువాత తేలినది. కావున ఆ సున్న మనుష్యులు పెట్టుకొన్నదే. కాని సున్న నెచ్చట పెట్టినను కొండయెత్తు తగ్గదు, పెరుగదు. బారోమీటరు ఎనిమిది మీటర్ల యెత్తునకు సుమారు ఒక మిల్లీబారు దిగును. అందఱి బారోమీటర్లను ఒక్క సున్నకు తెచ్చి చూచిననేకాని తుపాను ఎచ్చట నున్నదో పటముమీద తెలియదు. ఒప్పందము మనది, దానితో బయటపడిన తుపాను మనది కాదు.

వియన్నాలో పుట్టి ఇంగ్లండున స్థిరపడిన కార్ల్ పాపరు, 1934లో ప్రకటించిన గ్రంథమున, ఒకడు చెప్పినదానిని మఱొకడు పరీక్షింప వీలగుటయే ఇట్టి జ్ఞానమునకు లక్షణమని చెప్పెను. మనలో మీమాంసకులు జ్ఞానము తనంతట తానే ప్రమాణమనిరి. నైయాయికులు ఒప్పుకొనలేదు. దూరమున నీరు కనబడినది. పోయి త్రాగినచో దాహము తీఱినది. కావున ఆ జ్ఞానము నిజమని తెలిసినదనిరి. ప్రవృత్తి సఫలమగుటయే గుర్తు. నేను చదివినది తర్కము గనుక ఈ పక్షమునకే మొగ్గుదును, ఒప్పుకొనుచున్నాను. 1977 నవంబరు 19వ తేదిని దివిసీమను ముంచిన ఉప్పెనలో సుమారు 10,000 మంది చనిపోయిరి. 2014లో హుద్‌హుద్ విషయమున కొన్ని దినములు ముందుగానే ఉత్తరాంధ్రతీరమనియు, పిదప విశాఖపట్టణ సమీపమనియు చెప్పిరి, లక్షలమందిని తరలించిరి, గాలి గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగముతో వచ్చినను మన రాష్ట్రమున మృతులు నూఱుకు లోపే. రెండు తుపానులును ఒక్కరీతివి కావు, ఉప్పెన యెత్తు వేఱు, రోడ్లు వేఱు, ఫోనులు వేఱు. అయినను, తుపాను వచ్చునని చెప్పినచోటికి, చెప్పినదినమున వచ్చినది. ఎవరి నిజము వారిదైనచో దానికి అంత మర్యాద యెందుకు?

అది ప్రతిసారియు వచ్చునని నేననను. కొన్ని దారి మార్చుకొనును. అప్పుడు హార్బరులో పరిహాసము వినబడును. హెచ్చరించువారు దారిని ఒక్క గీతగా గీయక, ముందుకు పోయినకొలది వెడల్పగు విసనకఱ్ఱవలె గీయుట ఇందుకే. తమకెంత తెలియదో దానినిగూడ కొలిచి చెప్పుచున్నారు. కిన్నెబ్రూకు కథలో నేర్చిన పాఠమే అది.

ఒక లోపమును మాత్రము నేను దాచను. పిడింగ్‌టన్ చేర్చిన పుస్తకములు ఎవరివి? బారోమీటరు గల ఓడలవి, వ్రాయనేర్చిన దొరలవి. 1839లో కోరంగి రేవున తెప్పలమీద, దోనెలమీద నున్నవారు గాలి ఎటునుండి వచ్చెనో ఎఱుగకపోలేదు. వారిని అడిగి వ్రాసికొన్నవారు లేరు. ఏనుగును తడవిన చేతులలో సగమును వదలివేసితిమి. వస్తుతంత్రమని చెప్పుకొనుటకు తగినంతమంది సాక్షులు వలయును. వారు ఒకే గుంపువారైనచో, గుంపునకంతకు ఉన్న కామెల ఎవరికిని కనబడదు.

ఇంత ఆలోచించుకొని మరల ఒకనాడు హార్బరునకు పోతిని. వృద్ధుడు అచ్చటనే యుండెను. కాగితముమీద తీరమును గీచి, హార్బరునకొక చుక్క, దక్షిణముగా పూడిమడకకొక చుక్క పెట్టి, నడుమ విశాఖపట్టణముమీదుగా సుడిని గీచి చూపితిని. హార్బరునకు మొదట ఉత్తరపుగాలి, నడుము దాటునప్పుడు నిశ్శబ్దము, పిదప దక్షిణపుగాలి. పూడిమడక నడిమికి దక్షిణమున పడినది. అచ్చట పడమటిగాలి, నిశ్శబ్దము లేదు. తాటాకులు సముద్రమువైపునకే పోవలెను. మనుమడును తలయెత్తి చూచెను.

“అయితే మా వియ్యంకుడు అబద్దం సెప్పలేదన్నమాట” అని వృద్ధుడు కొంచెము నిరుత్సాహముతో అనెను. కొంత సేపటికి, “నేనూ సెప్పలేదు” అనెను.

నిశ్శబ్దము ఎంతసేపుండెనని అడిగితిని. అరగంట యని ఆయన చెప్పెను. ఎండుచేపలు తిరుగవేయుచున్న ఆయన భార్య వెనుకనుండి, “అరగంటేటండీ మేష్టారూ? నేను పొయ్యి రాజేసి, అన్నం వండి, వార్చేసినాను. అప్పుడొచ్చినాది గాలి” అనెను. ఇద్దఱి మాటలును, వారు ఎచ్చట నుండి చూచిరో ఆ తావులతో సహా, కాగితము క్రింద వ్రాసికొంటిని.